పిడికెడు బియ్యం

బుజ్జీ,



మొన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఊఁ కొట్టడం తప్ప నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆ సమయంలో ఏం చెప్పినా గాల్లో కలిసిపోతుందనిపించింది. ముప్పై మూడేళ్లు బడిపిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, కలం పట్టుకుంటేనే నాకు మాట కుదురుగా వస్తుంది. అందుకే ఈ ఉత్తరం. ఒక్క గుక్కలో చదివెయ్యకు. ఆఫీసుకి పోయేటప్పుడు మెట్రోలో కొంత, రాత్రి పడుకోబోయే ముందు కొంత చదువుకో.

నువ్వు మూడు మాటలన్నావు. ప్రార్థన రావట్లేదన్నావు. చర్చిలో పాట అందుకోగానే గొంతు పూడుకుపోతోంది, బయటికి వచ్చేస్తున్నానన్నావు. చాలాసేపు ఊరుకుని చివర్లో, "ఇంతమంది ప్రార్థన చేస్తే అమ్మ ఎందుకు పోయింది పెద్దమ్మా?" అన్నావు.

ముందు ఆ మూడో మాట సంగతి చూద్దాం. అది నీ లోపల ముల్లులా దిగబడి ఉంది. ముల్లు తియ్యకుండా పైన మందు రాస్తే లాభం లేదు.

అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు బయట వరండాలో మనందరం నిలబడి ఉండగా ఒక ప్రార్థనాపరుడు వచ్చి నూనె రాసి, నలభై రోజుల్లో ఈ సహోదరి లేచి వచ్చి సాక్ష్యం చెబుతుందని దేవుడు నాతో మాట్లాడాడన్నాడు. నువ్వు ఆ రోజు నుంచి క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటూ వచ్చావు. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున మీ అమ్మ వెళ్లిపోయింది. ఆయన్ని నువ్వు అడిగితే, ఇంట్లో ఎవరిదో అవిశ్వాసం అడ్డొచ్చిందన్నాడు. అప్పట్నుంచీ ఆ 'ఎవరిదో' నేనేనేమో అని నువ్వు కుమిలిపోతున్నావు. ఆసుపత్రి బిల్లు కట్టడానికి వెళ్లి ఒకరోజు ఉపవాసం తప్పాను కదా అని నాతో అన్నావు చూడు, ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

బుజ్జీ, విను. ఆ మాట దేవుడిది కాదు. ఆయనది. మంచి మనసుతోనే అన్నాడేమో నాకు తెలీదు, కానీ తన ఆశని దేవుడి నోట్లో పెట్టాడు. అది జరగకపోయేసరికి ఆ భారం తీసుకొచ్చి ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టాడు. రెండూ తప్పే. పెద్దదాన్ని, ఇన్నేళ్లు సంఘంలో నలిగినదాన్ని, ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

నీ చేతుల్లో బైబిలు ఉంది కదా, తిమోతికి పౌలు రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయం తియ్యి. త్రోఫిము జబ్బు పడ్డాడని, అతన్ని మిలేతులో విడిచి వచ్చానని పౌలు రాసుకున్నాడు. ఎంత మామూలుగా రాశాడో చూడు. ఎఫెసులో ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తేనే రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యాల్లో చదువుకున్నాం. త్రోఫిము కూడా ఆ ఎఫెసువాడే. పక్కనే తిరిగిన మనిషి. అతను బాగవలేదు. పౌలు విశ్వాసం తక్కువైందా? తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని ఆయన మూడుసార్లు వేడుకున్నాడు, తీసెయ్యలేదు. అంతకంటే ముందు గెత్సేమనే తోటలో ప్రభువే ఈ గిన్నె నా నుంచి తొలగిపోనీ అని మూడుసార్లు ప్రార్థన చేశాడు. ఆ గిన్నె తొలగిపోలేదు. మరి ప్రభువు విశ్వాసం తక్కువైందని అనగలమా?

ఎందుకు పోయిందన్న నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్లకి దూరంగా ఉండు. నీవల్ల మాత్రం కాదు. ఇది నేను చెప్పగలను.

నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో నీకు తెలియాలి. నువ్వు పుట్టకముందు సంగతి. 1988లో మా బాబు, బతికుంటే నీకు అన్నయ్య, ఏడేళ్లవాడు, జ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. మెదడువాపు అన్నారు. మొదటిరోజు మేం తీసుకెళ్లిన ఆసుపత్రిలో మామూలు జ్వరమని మాత్రలిచ్చి పంపేశారు. ఆ సంగతి నేను ముప్పై ఏళ్లు లోపల తిప్పుకున్నాను, ఇప్పుడు తిప్పుకోవడం మానేశాను. ఆదరణ కూడికకి వచ్చిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "దేవుడు తన తోటకి మంచి పువ్వుని కోసుకున్నాడమ్మా" అంది. ఇంకొకావిడ, "నువ్వు బడి బడి అని తిరగడం దేవుడికి ఇష్టం లేదేమో చూసుకో" అంది. నేను లేచి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు చర్చి గుమ్మం తొక్కలేదు. బైబిలు బీరువా మీద ఉండేది. దుమ్ము పట్టింది. తుడవలేదు.

ఆ పద్నాలుగు నెలలూ మీ అమ్మ ఏం చేసిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. అదే చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అప్పటికి దానికి ఇరవై నాలుగేళ్లు, కొత్తగా పెళ్లయింది. రెండు వీధుల అవతల కాపురం. రోజూ పొద్దున్నే ఆరింటికల్లా వచ్చేది. నాతో దేవుడి మాట ఒక్కటి ఎత్తలేదు. "అక్కా, ప్రార్థన చేద్దామా" అని ఒక్కనాడూ అడగలేదు. వచ్చి, పొయ్యి వెలిగించి, అంట్లు తోమి, మీ పెదనాన్నకి కారియర్ కట్టి, నా జడ వేసి వెళ్లిపోయేది. కొన్నిసార్లు నా పక్కన గోడకి చేరగిలబడి ఊరికే కూర్చునేది. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారని ఉంది కదా. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే, నోరు విప్పాకే తప్పు మాట్లాడారు. మీ అమ్మ నోరు విప్పకుండా పద్నాలుగు నెలలు కూర్చుంది.

ఇంకొకటి చేసింది. అది నాకు తర్వాత తెలిసింది.

మన ఇళ్లల్లో పిడికెడు బియ్యం సంగతి నీకు తెలుసు. పొద్దున ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా చర్చికి పోతుంది. పాస్టరుగారి కుటుంబానికో, ఊళ్లో పొయ్యి వెలగని ఇంటికో అవి చేరతాయి. కొలిచిన దాంట్లోంచే తియ్యాలి. విడిగా మూటలోంచి తీస్తే లెక్క కాదని మా అమ్మ, మీ అమ్మమ్మ, గట్టిగా చెప్పేది. మన కంచంలో ఆ పిడికెడు తగ్గాలి. అది పద్ధతి.

పద్నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం నేను చర్చికి వెళ్లాను. ఏదో దర్శనం కలిగి కాదు. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక వెళ్లాను. వెనక చాప మీద కూర్చున్నాను. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం లెక్కలు రాసే ఆవిడ పుస్తకం నా ముందు పెట్టి సంతకం చెయ్యమంది. ఎందుకని చూస్తే, నా పేరు ఎదురుగా వారం వారం రాసి ఉంది. బియ్యం, అరకిలో. బియ్యం, అరకిలో. పద్నాలుగు నెలలు ఒక్క వారం ఖాళీ లేదు. రోజూ నా ఇంట్లో నా బియ్యం కొలిచి, నా పేరుమీద పిడికెడు తీసి దాచి, నా తరఫున తీసుకెళ్లి ఇచ్చింది నా చెల్లెలు. నేను దేవుడితో మాట్లాడటం మానేసిన రోజుల్లో కూడా నా పిడికెడు ఆయన గుమ్మంలోకి వెళ్తూనే ఉంది.

అక్కడే కూర్చుని ఏడ్చాను. బాబు పోయాక మనస్ఫూర్తిగా ఏడ్చింది ఆ రోజే.

అందుకే ప్రార్థన రావట్లేదని నువ్వు అంటే నాకు భయం వెయ్యలేదు. రాకపోతే ఊరుకో. నీ పేరుమీద ఇక్కడ జరుగుతోంది. సంఘం అంటే నాకు ఆ పుస్తకంతోనే అర్థమైంది. ఒకరి గొంతు పూడుకుపోయినప్పుడు పక్కవాళ్లు పాడుతూ ఉంటారు. పాట వినలేక నువ్వు బయటికొచ్చేస్తే రా, వరండాలో నిలబడు. అదీ చర్చే.

కీర్తనల్లో ఎనభై ఎనిమిదోది తీసి చూడు. మిగతా దుఃఖ కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట తేరుకుంటాయి. అది మాత్రం తేరుకోదు, చివరి మాట దాకా చీకటే. అయినా దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. ఆ 150 కీర్తనల మధ్యన దానికీ చోటిచ్చారు. అలాంటి రోజు మనిషికి వస్తుందనీ, ఆ రోజున కూడా పలకడానికి ఒక మాట ఉండాలనీ దాన్ని ఉంచారనుకుంటాను. నీకు ప్రార్థన రాని రాత్రి అది ఒక్కటి చదివి లైటు తీసెయ్యి. ఆమేన్ చెప్పకపోయినా ఫరవాలేదు.

ఇక ఆ పువ్వు మాట. నీకు కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దేవుడికి కావాల్సొచ్చి తీసుకెళ్లాడు, మంచివాళ్లని ముందు పిలుచుకుంటాడు అని. పాపం, ఏం చెప్పాలో తెలీక చెబుతారు, వాళ్లమీద కోపం పెట్టుకోకు. కానీ నమ్మకు. బేతనియలో లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏం చేశాడు? మరికాసేపట్లో అతన్ని లేపబోతున్నానని ఆయనకి తెలుసు. తెలిసి కూడా ఏడ్చాడు. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదు కదా అని మార్త మొహం మీదే అడిగింది, మరియ వచ్చి అదే మాట అంది. ఇద్దర్లో ఒక్కదాన్నీ ఆయన కోప్పడలేదు. చావు మంచిదే, మీ తమ్ముడు మంచి చోటికి వెళ్లాడు ఊరుకోండి అనలేదు. పౌలైతే కొరింథీయులకి రాస్తూ చావుని శత్రువన్నాడు, అందరికంటే చివర ఓడిపోయే శత్రువని. శత్రువు వచ్చి ఇంట్లో మనిషిని ఎత్తుకుపోతే పువ్వు కోసుకెళ్లారని ఎలా అంటాం? మన నిరీక్షణ చావు మంచిదని నమ్మడంలో లేదు. అది ఓడిపోతుందని నమ్మడంలో ఉంది. ఈ తేడా పట్టుకో తల్లీ, చాలా బరువు దిగుతుంది.

కాబట్టి ఏడుపు విశ్వాసానికి విరోధం కాదు. మా నాన్న, మీ తాత, మిషన్ బళ్లో టీచరు. హరిశ్చంద్ర నాటకం ఏ ఊళ్లో ఆడినా లాంతరు పట్టుకుని వెళ్లేవాడు. కాటిసీనులో జాషువాగారి శ్మశానవాటి పద్యాలు అందుకుంటే పందిట్లో జనం పైటలతో, కండువాలతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. అవి రాసింది వినుకొండలో పుట్టిన, మనలాగా పల్లె నుంచి వచ్చిన కవి అని నాన్న గర్వంగా చెప్పేవాడు. ఆ జాషువాగారే 'క్రీస్తు చరిత్ర' రాశారు, 1964లో దానికే సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కాటి గురించి రాసిన చెయ్యే క్రీస్తు గురించి రాసింది. నాన్న పొద్దున్నే కుటుంబ ప్రార్థన చేసేవాడు, సాయంత్రం ఆ పద్యాలు పాడుకుని కళ్లు తుడుచుకునేవాడు. ఆయనకి రెండిటి మధ్యా గోడ కనపడలేదు.

మన విశ్వాసం ఎక్కడ పుట్టిందో కూడా నువ్వు ఒకసారి తలుచుకోవాలి. హైదరాబాదులో ఆ పెద్ద పెద్ద హాళ్లలో, లైట్లలో కూర్చుంటే అది మర్చిపోతాం. 1876 నుంచి 1878 దాకా మన వైపు వచ్చింది ధాత కరువు. బావులెండిపోయాయి, పశువులు పోయాయి, కరువు వెనకే కలరా వచ్చింది. మన మాదిగపల్లెలకి చేలు లేవు, గాదెలు లేవు, ముందు రాలిపోయింది మనవాళ్లే. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం ఒంగోలు మిషన్ క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. మన ఇంటి పెద్దలు ఆ కాలువలో మట్టి మోశారని మా అమ్మమ్మ చెప్పేది. మోస్తూ మోస్తూ పడిపోయినవాళ్లని గట్టుమీదే పూడ్చారని కూడా చెప్పేది.

సాయం జరుగుతున్నంత కాలం క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. కూలి పంపకాలు అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక, జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనవాళ్లు పండగల్లో గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ సంఖ్య విన్నప్పుడల్లా వేరే సంగతి తడుతుంది. ఆ ఏట్లో నడుములోతు నీళ్లలో నిలబడ్డవాళ్లలో, ఆ రెండేళ్లలో ఇంట్లో ఒక మనిషిని పూడ్చకుండా వచ్చినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? తల్లి పోయిన పిల్లలు, పిల్లలు పోయిన తల్లులు. దేవుడు మా కుటుంబాన్ని కాపాడాడని సాక్ష్యం చెప్పే వీలు వాళ్లలో చాలామందికి లేదు. అయినా ఏట్లోకి దిగారు. అంత దుఃఖంలో వాళ్లకి క్రీస్తులో ఏం కనపడిందని ఆలోచిస్తే, నాకు తోచేది ఒకటే. వాళ్లలాగే అందరూ తోసేసిన మనిషి, ఊరి బయట చచ్చిపోయిన మనిషి, లేచాడన్న వార్త.

అయినా ఊళ్లో వాళ్లని బియ్యం క్రైస్తవులన్నారు. బియ్యం కోసం మతంలో కలిశారని. మా అమ్మమ్మ చిన్నప్పుడు కూడా బావి దగ్గర ఆ మాట పడిందట. ఆ మాట పడ్డవాళ్లే, వాళ్ల కూతుళ్లే, కోడళ్లే, పొద్దున్నే తమ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి ఇంకొకరి కోసం పక్కన పెట్టారు. ఒక రోజు కాదు, బతికినన్నాళ్లూ. ఆ పిడికెడు మీ అమ్మమ్మ చేతికొచ్చింది, మీ అమ్మ చేతికొచ్చింది.

మీ అమ్మ చెయ్యి అంటే గుర్తొచ్చింది. కుడి మణికట్టు మీద దానికి ఒక మచ్చ ఉండేది, చింతాకంత, తెల్లగా. పదకొండేళ్లప్పుడు గంజి వారుస్తూ గిన్నె జారి కాలింది. నేను వార్చాల్సిన గంజి. పుస్తకం చదువుకుంటూ కూర్చుని దాన్ని పంపాను. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు కలుక్కుమనేది. పెట్టెలో పడుకోబెట్టాక చివరిసారి నేను ముట్టుకున్నది ఆ మచ్చనే.

లేచిన ప్రభువు చేతులకి గాయాలు అలాగే ఉన్నాయని యోహాను రాశాడు. తోమా ఆ గాయాలు చూసే పోల్చుకున్నాడు. చావుని గెలిచినవాడు గాయాలు మాపుకోలేడా? మాపుకోలేదు. ఆయన లేచింది ఆత్మగా కూడా కాదు. సముద్రం ఒడ్డున నిప్పులు చేసి, వాటి మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలిసిపోయినవాళ్లని తినడానికి పిలిచాడు. ఆ పొద్దున పడ్డ చేపలు 153 అని లెక్కపెట్టి మరీ రాశారు. ఎంత మామూలు పొద్దున్నో చూడు, నిప్పులు, చేపలు, రొట్టెలు. మన పునరుత్థానమంటే మేఘాల మీద తేలే నీడలనుకోకు. నాకు నా చెల్లెలు మళ్లీ కనపడుతుంది, ఆ మచ్చతో కనపడుతుంది, పోల్చుకుంటాను. నేను దీన్ని నమ్ముతున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు కూడా నమ్ముతున్నాను. కొన్ని రాత్రులు పళ్లు బిగబట్టి నమ్ముతున్నాను.

నీ రోజుల గురించి నాలుగు మాటలు చెప్పనీ. తిండి మానకు. ఏలీయా బదరీ చెట్టు కింద కూర్చుని నన్ను చంపెయ్యమని దేవుణ్ణి అడిగి పడుకున్నప్పుడు దూత వచ్చి వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు తెచ్చి తట్టిలేపి తినమంది. తిని మళ్లీ పడుకుంటే, పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినిపించింది. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతెప్పుడో, కొండ మీద. నువ్వు రాత్రిళ్లు బిస్కెట్లు తిని పడుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. కుక్కర్ పెట్టుకో. పప్పు, ఇంత నెయ్యి, ఒక ఆవకాయ ముక్క. అదే నీకు ఇప్పటి భక్తి.

ఆఫీసులో నవ్వొస్తే నవ్వు. నవ్వినందుకు అమ్మని మర్చిపోయానని గిల్లుకోకు. పక్కింటి అత్తగారు, మీ అమ్మతో ముప్పై ఏళ్లు కూరలు మార్చుకున్న మనిషి, వాళ్లాయన పోయినప్పుడు పదకొండో రోజు, పన్నెండో రోజు, నెలమాసికం, సంవత్సరీకం అని దుఃఖానికి మెట్లు కట్టుకుంది. ఒక్కొక్క మెట్టూ దిగింది. మనం ఒక జ్ఞాపకార్థ కూడిక పెట్టి భోజనాలు పెట్టేశాక మనుషులు వెళ్లిపోతారు, ఆ తర్వాతంతా చదునుగా ఉంటుంది. ఏ రోజు ఏం చెయ్యాలో చెప్పేవాళ్లుండరు. అందుకే నీ మెట్లు నువ్వే కట్టుకోవాలి. అమ్మ పోయిన తేదీన ప్రతినెలా మీ నాన్నకి ఫోన్ చేసి అమ్మ గురించే మాట్లాడు. ఆయన ముందు ఆమె పేరెత్తకూడదని మీరంతా అనుకుంటున్నారు. తప్పు. ఆయన రోజూ రాత్రి రెండు గ్లాసులు నీళ్లు ముంచి మంచం పక్కన పెడుతున్నాడు. ఒకటి తాగుతాడు. రెండోది పొద్దున్నే ఆ తులసి మొక్కకి, అదే మీ అమ్మ దగ్గుకని పెంచుకున్న మొక్కకి, పోస్తాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నువ్వు ఊరుకోకు. నువ్వు కూతురివి, అడగొచ్చు.

పోయిన వారం మీ అమ్మ వంటగది సర్దాను. మీ నాన్నే తాళం ఇచ్చాడు. పైన అటక మీద క్రిస్మస్ నక్షత్రం పెట్టెలోనే ఉంది, పోయిన డిసెంబరులో ఎవరం కట్టలేదు కదా. బల్ల కింద బియ్యం డబ్బా పక్కన ఆ చిన్న డబ్బా కనపడింది. పాత డాల్డా డబ్బా, రంగంతా పోయింది. మూత తీస్తే ముప్పాతిక దాకా బియ్యం. హైదరాబాదు ఆసుపత్రికి బయల్దేరిన రోజు పొద్దున కూడా వేసే ఉంటుంది. పురుగు పట్టింది. చెయ్యి పెడితే ముద్దలు ముద్దలుగా వచ్చింది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. పారెయ్యబుద్ధి కాలేదు. డాబా మీద చీర పరిచి రెండు ఎండలు ఎండబెట్టాను. చేటలో చెరిగి, ఏరి, మళ్లీ డబ్బాలో పోసి, ఆదివారం తీసుకెళ్లి ఇచ్చాను. పుస్తకంలో దాని పేరుమీదే రాయించాను. రాసే అమ్మాయి తలెత్తి నా వంక చూసింది, ఏమీ అనలేదు, రాసింది.

ఇప్పుడు ఆ డబ్బా కడిగి నా దగ్గర పెట్టుకున్నాను. అది నీది. కావాలంటే తీసుకెళ్లు. నీ గదిలో కుక్కర్ పక్కన పెట్టుకో. ప్రార్థన వచ్చినా రాకపోయినా బియ్యం కొలిచినప్పుడు ఒక పిడికెడు అందులో వెయ్యి. నీ వీధి చివర ఆకలితో ఎవరున్నారో నాకంటే నీకే తెలుస్తుంది. వెయ్యలేని రోజు వెయ్యకు. ఇక్కడ నీ పేరుమీద నేను వేస్తున్నాను, అమ్మ పోయిన వారం నుంచీ వేస్తున్నాను. ఈ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను. మీ అమ్మ నాకు చెప్పలేదు మరి. కానీ నాకు దానికున్నంత ఓర్పు లేదు.

ఇంకో పదహారు రోజుల్లో పునరుత్థాన పండగ. తెల్లవారుజామున నాలుగున్నరకి సమాధుల తోటలో ఆరాధన, నీకు తెలిసిందే. ముందురోజు సాయంత్రం అందరూ సమాధులకి సున్నం కొట్టుకుంటారు. అమ్మది ఇంకా మట్టిదిబ్బే. సిమెంటు ఈ ఏడు వద్దు, మట్టి దిగాలి అన్నాడు మేస్త్రీ. దాని చుట్టూ ఇటుకలు పేర్చి వాటికి సున్నం వేద్దామని మీ నాన్న అంటున్నాడు. తలవైపు పెట్టే రాయి మీద ఏం చెక్కించాలో మాత్రం ఆయన తేల్చుకోలేకపోతున్నాడు. బుజ్జి వచ్చి చెప్పాలి అంటున్నాడు. ఆ రోజు పాట పాడలేకపోతే పాడకు, నా పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడు చాలు. ఇద్దరం నిలబడదాం.

శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో బండి ఎక్కితే శనివారం పొద్దున్నే ఒంగోలులో దిగుతావు. స్టేషనుకి మీ పెదనాన్న ఆటో పంపిస్తారు. మల్లెపూలు నేను చెప్పి ఉంచాను. సున్నం నానబెడతాను. నువ్వు ఒట్టి చేతులతో రా.

మీ పెద్దమ్మ